పెద్దల చేతికి స్మార్ట్‌వాచ్: కొనే ముందు చూడాల్సినవి, కట్టినాక చేయాల్సినవి

ఇంట్లో పెద్దవాళ్లకు స్మార్ట్‌వాచ్ కొనడం పది నిమిషాల పని. మూడో నెలలో కూడా అది వాళ్ల చేతికే ఉండేటట్టు చూడడమే అసలు పని. దుబాయ్ నుంచి కొడుకు పంపిందో, హైదరాబాద్‌లో కొలువు చేసే బిడ్డ దసరాకు తెచ్చిందో, చాలా ఇళ్లలో ఆ వాచీ రెండు వారాలు చేతికుండి తర్వాత టీవీ కింద సొరుగులో చేరుతుంది. అది చెడిపోయి కాదు. అక్షరాలు కనబడవు, వేలు పెడితే కదలదు, పొద్దంతా బుర్రుబుర్రుమంటది, ఛార్జింగ్ ఎప్పుడు పెట్టాలో గుర్తుండదు. ఈ నాలుగూ సరిచేసుకోగలిగినవే. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లను మనసులో పెట్టుకొని ఆ పని ఎట్లా చేయాలో చెబుతున్నాం.

ముందు వాళ్ల ఫోన్ ఏదో చూడండి

వాచీ ధర కంటే ముందు అడగాల్సిన మాట ఇది. ఆపిల్ వాచ్ ఆండ్రాయిడ్ ఫోన్‌తో కలవదు. శాంసంగ్ గెలాక్సీ వాచ్ 4, ఆ తర్వాత వచ్చినవి ఐఫోన్‌తో కలవవు. బయటి దేశంలో ఉన్న పిల్లలు తమ చేతికున్నదాన్ని చూసి ఆపిల్ వాచ్ పంపిస్తారు, ఇక్కడ బాపు దగ్గర పదివేల ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటుంది. ఆ ఫోన్‌తో ఆ వాచీని మొదలుపెట్టడానికే దారి లేదు. కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లకైతే మామూలు బ్లూటూత్ వాచీతో పెద్దగా పని జరగదు. వాళ్లకు సిమ్ వేసుకునే 4జీ వాచీ ఒక్కటే దారి. సిమ్ వాచీ అనగానే చవకది కొనేయకండి. పాతరకం వాటిల్లో 2జీ మాత్రమే ఉంటుంది. జియోకు 2జీ లేదు కాబట్టి జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. డబ్బా మీద 4జీ అని ఉందో లేదో చూసి, వాళ్ల సిమ్‌తో దుకాణంలోనే ఒక ఫోన్ చేయించండి.

రెండు మూడు వేల రూపాయల్లో దొరికే బ్లూటూత్ కాలింగ్ వాచీల గురించి ఒక సంగతి సూటిగా చెప్పాలి. వాటిలో ఎస్‌ఓఎస్ (ఆపదలో పిలిచే బటన్) ఉన్నా, ఆ ఫోన్ చేసేది వాచీ కాదు, జేబులోని ఫోను. రెండింటి మధ్య దూరం సుమారు 10 మీటర్లు దాటితే బంధం తెగుతుంది, మధ్యలో గోడలుంటే ఇంకా ముందే తెగుతుంది. ఫోన్ అర్రలో ఛార్జింగ్‌లో ఉండి, మనిషి పెరట్లో జారిపడితే బటన్ ఎంతసేపు నొక్కినా పిలుపు పోదు. అందుకే ఇలాంటి వాచీ కట్టినవాళ్లకు ఫోన్ కూడా ఒంటి మీదే ఉండే ఏర్పాటు కావాలి: చొక్కా జేబు, లేదంటే నడుముకో మెడకో చిన్న గుడ్డ సంచి. అది కుదరదనుకుంటే ఇసిమ్ (వాచీ లోపలే ఉండే సిమ్) పడే, ఫోన్ లేకుండానే నెట్‌వర్క్ అందుకునే ఎల్‌టీఈ వాచీకి పోండి. ఆపిల్‌కు మన దగ్గర ఎయిర్‌టెల్, జియో ఆ సౌకర్యం ఇస్తున్నాయి. వాచీలోనూ ఫోన్‌లోనూ ఒకే కంపెనీ సిమ్ ఉండాలి. మీరు వాడే ప్లాన్‌కు అది వర్తిస్తుందో లేదో కొనకముందే కనుక్కోండి.

దుకాణానికి పెద్దమనిషినే తోలుకపోండి

ఆన్‌లైన్‌లో వంద రూపాయలు తక్కువకు రావచ్చు. కానీ హన్మకొండ చౌరస్తాలోనో మీ మండల కేంద్రంలోనో వాచీ చేతికి పెట్టి చూస్తే తెలిసేవి ఫోటోలో తెలియవు. అక్కడ ఈ పరీక్షలు చేయండి.

వాచీ పట్టుకొని దుకాణం బయట ఎండలో నిలబడాలి. మామూలుగా వాచీ చూసుకునే దూరంలోనే, కళ్లద్దాలు లేకుండా టైం చదవగలగాలి. లోపలి లైట్ల కింద అన్ని తెరలూ బాగానే కనబడతాయి.

బెల్టు వాళ్లంతట వాళ్లే, ఒక్క చేత్తో, పెట్టుకొని తీసుకోవాలి. వేళ్ల కీళ్లు నొప్పులున్నవాళ్లకు కొక్కెం ఉన్న రబ్బరు బెల్టు నరకమే. అంటుకునే బట్ట బెల్టు, అయస్కాంతం బెల్టు సులువు. వాచీతో వచ్చింది కష్టమైతే సరిపోయే వెడల్పులో వేరే బెల్టు కొనుక్కోవచ్చు. 20 మిల్లీమీటర్లు, 22 మిల్లీమీటర్లు ఎక్కువగా దొరికే సైజులు.

ఆడవాళ్లయితే గాజులతోనే కట్టి చూడాలి. గాజులు జారి వాచీ పక్క బటన్‌కు తగులుతుంటాయి, ఎస్‌ఓఎస్ తెలియకుండానే నొక్కుకుపోవడానికి ఇదో కారణం. వాచీని గాజులకు పైన, మోచేయి వైపు కడితే చాలావరకు తగ్గుతుంది. సెట్టింగ్స్‌లో ఏ చేయి, బటన్ ఏ వైపు అని అడిగే చోట బటన్ మోచేయి వైపుకు తిప్పుకుంటే ఇంకా మంచిది. అప్పుడు చెయ్యి వంచినా మణికట్టు బటన్‌ను నొక్కదు.

తర్వాత వేలు. టచ్ తెరలు మన చర్మంలోని తడి ద్వారా పారే కొద్దిపాటి విద్యుత్తును పసిగట్టి పనిచేస్తాయి. నలభై ఏళ్లు నాగలి పట్టిన చెయ్యి, బీడీలు చుట్టిన వేళ్లు, వరంగల్ కొత్తవాడ మగ్గం మీద పనిచేసిన వేళ్లు ఎండి గట్టిపడి ఉంటాయి. తెరకు ఆ వేలు ఉన్నట్టే తెలియదు. పెద్దమనిషి ‘నాకు చేతకాదు’ అని సిగ్గుపడేది ఇక్కడే, నిజానికి తప్పు ఆయనది కాదు. వేలి కొనతో, గోరుతో కాకుండా వేలి మెత్తటి భాగం మొత్తం ఆనించి నొక్కమనండి. చేతికి కొంచెం మాయిశ్చరైజర్ క్రీమ్ రాసి మళ్లీ చూడండి. మరీ తడి చెయ్యి కూడా పనికిరాదు, నీటిబొట్టునే వేలనుకుని తెర దానంతటదే కదులుతుంది. క్రీమ్‌తో కూడా పలకకపోతే పక్కన తిప్పే గుండీ, నొక్కే బటన్ ఉన్న వాచీ తీసుకోండి. పెద్దవాళ్లకు తెర కంటే బటనే నమ్మకమైన తోడు.

చివరగా, మీ ఫోన్ నుంచి తెలుగులో ఒక మెసేజ్ పంపి చూడండి. చవక వాచీల్లో చాలావాటికి తెలుగు అక్షరాలు లేవు, వాటి బదులు ఖాళీ డబ్బాలు కనబడతాయి. అట్లాంటి వాచీలో ఫోన్‌బుక్ పేర్లు తెలుగులో ఉంటే ఎవరు చేస్తున్నారో తెలియదు. ఆ వాచీయే కొనాల్సి వస్తే ముఖ్యమైన పది పేర్లు పొట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో మార్చి పెట్టండి.

మొదటి రోజు: తీసేయడమే ఎక్కువ పని

కొత్త వాచీలో అన్నీ ఆన్‌లో వస్తాయి. అరవై డెబ్బై ఏళ్ల మనిషికి కావాల్సినవి నాలుగే: టైం, ఫోన్ వస్తే తెలియడం, ఆపదలో పిలవడం, ఎక్కడో పెట్టి మర్చిపోయిన ఫోన్‌ను మోగించి వెతకడం. మిగతావన్నీ మొదటి నెల ఆపేయండి. వాట్సాప్ గ్రూపులు, షాపింగ్ ఆఫర్లు, ‘లేచి నిలబడండి’ అనే హెచ్చరికలు, అన్నీ. పొద్దుకు వంద సార్లు అదిరే వాచీ నిజంగా పనిబడి అదిరినప్పుడు కూడా ఎవరూ చూడరు.

పుట్టిన సంవత్సరం సరిగ్గా వేయండి. మన దగ్గర పెద్దవాళ్ల ఆధార్‌లో తారీఖు అంచనాగా జనవరి 1 అని ఉండడం మామూలే, దానికేం ఇబ్బంది లేదు, వయసు మాత్రం సరిపోవాలి. ఆపిల్ వాచ్‌లో 55 ఏళ్లు, ఆ పైన ఉన్నవాళ్లకు పడిపోవడాన్ని పసిగట్టే ఫాల్ డిటెక్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. కొడుకు తన వివరాలతో సెట్ చేసి పంపితే వాచీ దృష్టిలో అది ముప్పై ఏళ్ల చెయ్యి. గెలాక్సీ వాచ్‌లో దీన్ని భద్రత, అత్యవసరం అనే సెట్టింగ్‌లోకి పోయి మీరే ఆన్ చేయాలి.

వాచీ ముఖానికి నల్లటి నేపథ్యం మీద తెల్లటి పెద్ద అంకెలు పెట్టండి. శుక్లాలు ముదురుతున్న కంటికి నీలం, ఊదా రంగులు మసకగా కలిసిపోతాయి. అంకెల కంటే ముళ్లే ఇష్టమైతే ముళ్లే ఉంచండి, హెచ్‌ఎంటీ వాచీకి అలవాటుపడ్డ కన్ను ముళ్లను చూడగానే టైం పట్టుకుంటుంది. 12 గంటల పద్ధతి, అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది, చెయ్యి ఎత్తితే తెర వెలిగే సౌకర్యం. వాచీ ముఖం మీద గట్టిగా అదిమితే అది మారిపోతుంటుంది కాబట్టి మిగతా ముఖాలన్నీ తీసేసి ఒక్కటే ఉంచండి.

ఇక ఆండ్రాయిడ్ ఫోన్లలో వచ్చే పెద్ద తలనొప్పి. షావోమి, వివో, ఒప్పో, రియల్‌మీ లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా చేయాలని వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. వాచీ యాప్ ఆగిపోగానే వాచీకి ఫోన్ తెలియదు, ‘మొన్నటిదాకా మంచిగనే పనిచేసింది’ అంటారు. ఇట్లా చేయండి:

1. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి వాచీ యాప్‌ను పట్టుకోండి.
2. అందులో బ్యాటరీ అనే చోట ‘ఆంక్షలు లేవు’ అని పెట్టండి.
3. ఆటోస్టార్ట్ ఆన్ చేయండి, ఫోన్ ఆఫ్ అయి ఆన్ అయినా యాప్ తిరిగి లేస్తుంది.
4. నోటిఫికేషన్, కాంటాక్ట్స్, ఫోన్, లొకేషన్ అనుమతులు నాలుగూ ఇవ్వండి.
5. ఈమధ్య వాడిన యాప్‌ల తెరలో వాచీ యాప్ మీద తాళం గుర్తు వేయండి. అన్నిటినీ తుడిచేసే అలవాటున్నా అది మిగులుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ‘అవ్వ ఫోన్ ఎత్తుతది, మాట్లాడదు’ అని పిల్లలు అంటుంటారు. అవ్వ ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకుంటుంది, మాటేమో చేతికున్న వాచీలోంచి వస్తుంటుంది. చవక వాచీలు రెండు బ్లూటూత్ పేర్లతో కలుస్తాయి, ఒకటి సమాచారానికి, రెండోది కాల్ శబ్దానికి. ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ రెండో పేరు మీద నొక్కి కాల్ ఆడియో ఆపేస్తే మాట మళ్లీ ఫోన్‌లోకే వస్తుంది. వాచీలో మాట్లాడడమే కావాలనుకునేవాళ్లకు అది ఉంచండి. కానీ వాచీ స్పీకర్‌లో మాట పక్కనున్న అందరికీ వినబడుతుందని, బ్యాంకు పేరుతో ఎవరు అడిగినా ఓటీపీ చెప్పొద్దని ముందే చెప్పాలి.

అడుగుల లక్ష్యం చాలా వాచీల్లో 10,000 అని వస్తుంది. ఆ అంకె వైద్యుల లెక్క కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరు నుంచి వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి 2,000తో మొదలుపెట్టండి. కట్టె పట్టుకునో, వాకర్ తోసుకుంటూనో నడిచేవాళ్ల చెయ్యి ఊగదు, వాచీ అడుగులు తక్కువ లెక్కిస్తుంది. అట్లాంటివాళ్ల వాచీలో ఆ లెక్కే కనబడకుండా తీసేయడం మేలు.

ఛార్జింగ్ వేళ

రాత్రి పడుకునేటప్పుడు వాచీ తీసి ఛార్జింగ్ పెట్టడం కుర్రవాళ్ల అలవాటు. పెద్దవాళ్లకు అదే అన్నిటికంటే చెడ్డ వేళ. రాత్రి రెండింటికి మూత్రానికి లేచి చీకట్లో తడుముకుంటూ పోతారు, సరిగ్గా అప్పుడే చేతికి వాచీ ఉండదు. కాబట్టి ఛార్జింగ్ పగటిపూట, కూర్చుని ఉండే గంటలో పెట్టాలి. పొద్దున చాయ్ తాగి పేపర్ చదివేటప్పుడు, లేదా సాయంత్రం సీరియల్ చూసేటప్పుడు. వాళ్లు కూర్చునే కుర్చీ పక్కనే, చేతికందే ఎత్తులో ప్లగ్ ఉండాలి. మంచం వెనక, వంగి తీయాల్సిన చోట ఉంటే నాలుగో రోజుకు మానేస్తారు.

ఆపిల్ వాచ్ మామూలు మోడళ్లకు కంపెనీ చెప్పేది 18 నుంచి 24 గంటలు, అంటే రోజూ పెట్టాల్సిందే. చవక వాచీలు వారం వస్తాయని రాసినా బ్లూటూత్ కాల్స్ వాడితే రెండు మూడు రోజులే. అయినా రోజూ పెట్టించండి. ‘మూడు రోజులకోసారి’ అనేది గుర్తుండదు, ‘చాయ్‌తో పాటు’ అనేది గుర్తుంటుంది.

చవక వాచీల ఛార్జర్ రెండు పిన్నుల అయస్కాంతం వైరు. చెమట ఎండి పిన్నుల మీద ఆకుపచ్చటి చిలుము పడితే ఛార్జింగ్ ఎక్కదు, పొడిగుడ్డతో వారానికోసారి తుడవాలి. ఒక్కో కంపెనీది ఒక్కో రకం కాబట్టి కొన్నరోజే ఇంకో వైరు కూడా తీసుకోండి. ఫాస్ట్ ఛార్జర్ వద్దు, మామూలు 5 వోల్టుల, 1 ఆంపియర్ అడాప్టర్ చాలు.

మే నెలలో జాగ్రత్త. ఆపిల్ వాచ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని కంపెనీయే చెబుతుంది, రామగుండం వైపు ఎండలు 45 దాకా పోతాయి. కిటికీ దగ్గర ఎండ పడే చోట, రేకుల కింద ఛార్జింగ్ పెడితే బ్యాటరీ తొందరగా పాడవుతుంది.

చెయ్యి, చర్మం

డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన (రక్తనాళాలు కలిపి కుట్టిన) చేతికి వాచీ కట్టొద్దు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసిన వైపు చేతికి కూడా కట్టొద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాచీని, అయస్కాంతం ఛార్జర్‌ను ఛాతీకి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, ఛార్జింగ్ జరిగేటప్పుడు 30 సెంటీమీటర్లు. చేతిని ఛాతీ మీద పెట్టుకొని పడుకునే అలవాటుంటే రాత్రి వాచీ కట్టకముందు డాక్టర్‌ను అడగాలి.

మణికట్టు ఎముక మీద కాకుండా, ఒక వేలు వెడల్పు పైకి కట్టాలి. బెల్టు కింద చిటికెన వేలు కొంచెం కష్టంగా దూరితే సరిపోయినట్టు. వయసుతో చర్మం పలచబడుతుంది, సబ్బు నురగ బెల్టు కింద ఎండితే దురద, ఎర్రటి దద్దుర్లు వస్తాయి. స్నానం తర్వాత వాచీ తీసి చేతినీ బెల్టునూ మంచినీళ్లతో కడిగి పొడిగా తుడవాలి. బాత్‌రూమే జారిపడే చోటు కాబట్టి 5 ఏటీఎం (నీళ్లను బాగా తట్టుకుంటుందనే గుర్తు) అని రాసి ఉన్న, ఫాల్ డిటెక్షన్ ఉన్న వాచీని స్నానంలో కూడా ఉంచుకోవడమే మంచిది. ఐపీ67, ఐపీ68 వాచీలను మాత్రం తీసేయండి, ఆ పరీక్షలు మామూలు నీళ్లతో చేసినవి. సబ్బూ వేడినీళ్లూ లోపలి రబ్బరును వదులు చేస్తాయి.

అంకెలను ఎంతవరకు నమ్మాలి

వాచీ వెనక ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం పారడాన్ని చూసి నాడి లెక్కిస్తుంది. బెల్టు వదులైనా, చెయ్యి వణుకుతున్నా, చలికాలం పొద్దున వేళ్లు చల్లబడినా లెక్క తప్పుతుంది. కదలకుండా కూర్చున్నప్పటి అంకెకే విలువ. ఆపిల్ వాచ్‌లో నాడి హెచ్చరిక పై హద్దు 120, కింది హద్దు 40 అని మొదట ఉంటుంది. మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటి బీపీ మాత్రలు నాడిని తగ్గిస్తాయి. అవి వేసుకునేవాళ్లకు 50 కింది హద్దుగా పెడితే వాచీ ఊరికే భయపెడుతుంది. హద్దు ఎంత పెట్టాలో డాక్టర్‌ను అడిగి పెట్టండి.

బీపీ వాచీలో చూసి మాత్ర పెంచడం, మానడం అస్సలు వద్దు. గెలాక్సీ వాచ్ లాంటిది కూడా ప్రతి 28 రోజులకోసారి దండచేతికి కట్టే బీపీ మిషన్‌తో సరిచూసుకోవాలి. రెండు వేల వాచీ ఏ మిషన్‌తో పోల్చకుండానే 120/80 అని చూపిస్తే అది కొలత కాదు, ఊహ. షుగర్ సంగతి ఇంకా ప్రమాదం. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. దాన్ని చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. ఈసీజీ ఉన్న వాచీ గుండె లయ తప్పడాన్ని పట్టుకోగలదు కానీ గుండెపోటును పట్టుకోలేదు. ఛాతీ నొప్పి, చెమటలు ఉంటే వాచీ ఏం చూపించినా 108కి ఫోన్ చేయాల్సిందే.

ఆపదలో పిలుపు: నేర్పడం, పరీక్షించడం

ఎమర్జెన్సీ నంబర్లలో మొదటిది పది నిమిషాల్లో ఇంటికి రాగలిగినవాళ్లది కావాలి. దుబాయ్‌లో ఉన్న కొడుకు నంబర్ మూడోది. పక్కింటి తమ్ముడు, అదే వాడలో ఉన్న బిడ్డ, వాళ్ల తర్వాత ఆయన. వాళ్లందరికీ ముందే చెప్పి ఒప్పించండి, లేకుంటే మెసేజ్ వచ్చినా ఏదో తప్పుడు మెసేజ్ అనుకుంటారు.

ఆపిల్ వాచ్‌లో పక్క బటన్ అదిమి పట్టుకోవాలి. వేరేవాటిలో మూడుసార్లో ఐదుసార్లో వెంటవెంటనే నొక్కాలి, మీ వాచీలో ఏదో చూసుకోండి. నేర్పేటప్పుడు వాళ్ల చెయ్యి పట్టుకొని మీరే నొక్కకండి. ‘బాపూ, ఫోన్ యాడ పెట్టిన్నో మర్చిపోయిన, నీ వాచీతోని దేవులాడు’ అని పని చెప్పండి. రోజుకు ఒక్కటే పని, వరుసగా వారం. ఫోన్ వెతకడం చేతికి వచ్చాకే ఎస్‌ఓఎస్ నేర్పండి.

గట్టిగా పడ్డ తర్వాత సుమారు నిమిషం కదలకపోతే ఆపిల్ వాచ్ 30 సెకన్లు లెక్కపెడుతూ, చప్పుడు చేస్తూ చేతిని తడుతుంది, అప్పటికీ స్పందన లేకపోతే అత్యవసర నంబర్‌కు తానే ఫోన్ చేస్తుంది. మెల్లగా మంచం మీంచి జారితే, గోడ పట్టుకొని కూలబడితే పసిగట్టకపోవచ్చు, అందుకే బటన్ నేర్పడం తప్పదు. బట్టలు బండకేసి బాదినా, రోట్లో కారం దంచినా, బతుకమ్మ దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టినా ఒక్కోసారి పడ్డారనుకుంటుంది. అప్పుడు ఫాల్ డిటెక్షన్ తీసేయకండి, ‘నేను బాగున్నా’ అనే బటన్ తెరలో ఎక్కడొస్తుందో చూపించండి.

పరీక్ష నెలకోసారి చేయాలి. ముందు అందరికీ ఫోన్ చేసి ‘ఇది పరీక్ష’ అని చెప్పండి. నేరుగా ఇంటివాళ్ల నంబర్‌కు పోయే వాచీలో పిలుపును పూర్తిగా పోనివ్వండి, ఎత్తినవాళ్లకు మాట వినబడిందా, లొకేషన్ వచ్చిందా చూడండి. 112కు పోయే వాచీలో అయితే లెక్క మొదలవగానే ఆపేయండి. ఫోన్ అర్రలో పెట్టి వాచీతో పెరటి చివరి దాకా పోయి కూడా ఒకసారి చేయండి, ఎక్కడ బంధం తెగుతుందో వాళ్ల కళ్ల ముందే తెలుస్తుంది.

మేడారం జాతరకు పోతున్నప్పుడు ఇవేవీ లెక్కలోకి తీసుకోకండి. అంత జనంలో నెట్‌వర్క్ బిగుసుకుపోతుంది, వాచీ పిలుపూ లొకేషనూ రెండూ ఆగిపోవచ్చు. పేరు, ఊరు, రెండు ఫోన్ నంబర్లు, వేసుకునే మందులు ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి జేబులోనో కొంగు ముడిలోనో కట్టి పంపండి.